డ్రామా కొట్టానికి నేను వేయించిన తాళం

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఏదో పాత రూలు అడగడానికి వచ్చి, కాఫీ తాగి, పోయేముందు మాటవరసకు అడుగుతారు: "మేడం, మీ సర్వీసులో మీరు చేసిన మంచి పని ఒకటి చెప్పండి." మంచి పనులు చెప్పుకునేవాళ్ళకు మన శాఖలో కరువు లేదు. ఏ రిటైర్మెంటు సభకు పోయినా బోలెడు వినొచ్చు. నేను చేసిన చెడ్డ పని ఒకటి చెబుతాను. దాన్ని దిద్దుకోబోయి మెమో తీసుకున్న సంగతీ చెబుతాను. మెమో గురించి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. సిగ్గంతా మొదటి పని గురించే.

మదనపల్లెలో టైపిస్టుగా చేరాను. తర్వాత నా సర్వీసంతా మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కలే గడిచింది. ఒక బదిలీలో మంచం, ఇంకో బదిలీలో బీరువా విరగడం తప్ప పెద్ద సాహసాలేమీ లేవు. నాటకాలు ఆడే ఈ డ్రామా కొట్టం ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఉందో చెప్పను. ఆ ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళకు చెప్పినా ఒరిగేది లేదు. మనుషుల పేర్లూ చెప్పను. కొందరు బతికి ఉన్నారు, కొందరి పిల్లలు ఇప్పుడు పెద్ద పెద్ద కుర్చీల్లో ఉన్నారు.

ఆ ఊరికి బదిలీ మీద వచ్చి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. ఒక సాయంత్రం మా సూపర్నెంటు నా టేబులు దగ్గరికి వచ్చాడు. మనిషి మంచివాడే. అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు, అడిగితే లీవు ఇచ్చేవాడు.

"అమ్మా, డ్రామా కొట్టం మీద నోట్ ఒకటి కావల్ల. రేపు పొద్దున్నకి పెట్టేయల్ల."

"యాడుంది సార్ అది? నేను చూడలేదు."

"సూసేదానికి ఏముండాదమ్మా ఆడ? పాత బిల్డింగు. జనం ఎక్కువ చేరితే మీద పడతాది. పోయినేడు పడగొట్టిన బడిది ఫైలు ఉండాది కదా, దాన్ని సూసి రాసేయ్. ఇంజనీరు సంతకం పెడతాడు."

బడి ఫైలు తీశాను. అందులో ఉన్న వాక్యాలు చక్కగా ఉన్నాయి. బడి అన్నచోట నాటకశాల అని మార్చాను. 'పైకప్పు కట్టె దూలములు చెదలు పట్టి శిథిలావస్థలో ఉన్నందున ప్రజల ప్రాణములకు ముప్పు కలదు. కావున ప్రధాన ద్వారమునకు తాళము వేసి సీలు వేయవలెను.' నా చేతిరాత ముత్యాల్లాంటిదని పేరు. మర్నాడు సూపర్నెంటు చదివి, "వంక పెట్టేదానికి లేదమ్మా" అన్నాడు. నాకు సంతోషమైంది. ఆ రోజు ఇంటికి పోతూ మల్లెపూలు కొనుక్కున్నానని కూడా గుర్తుంది. మనం చేసిన తప్పుల్లో ఇలాంటి చిన్న చిన్న సంతోషాలు ఇరుక్కుని ఉంటాయి. వాటిని తలుచుకున్నప్పుడు తప్పు కంటే అవే ఎక్కువ గుచ్చుకుంటాయి.

ఆ నోట్ అంత తొందరగా ఎందుకు కావలసివచ్చిందో నాకు అప్పుడు తెలియదు. తర్వాత తెలిసింది. అంతకు ముందు నెలలో ఆ ఊరి నాటకం వాళ్ళు ఒక కొత్త నాటకం ఆడారు. అందులో ఒక కాంట్రాక్టరు కాగితం మీద రోడ్డు వేస్తాడు, కాగితం మీదే బస్సు నడుపుతాడు, చివరికి ఆ బస్సు ఎక్కి పెళ్ళికి పోదామని చూసి ఎండలో నిలబడిపోతాడు. ఊరంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. నిజంగా రోడ్డు వేయని కాంట్రాక్టరు కూడా ముందు వరసలో కూర్చుని ఉన్నాడట. ఆయన నవ్వలేదు.

ఆర్డరు తలుపుకు అంటించి తాళం వేసిన తర్వాత సోమవారం పొద్దున్నే ఒకాయన ఆఫీసుకు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మెడలో కొలతల టేపు, చొక్కా జేబుకు గుచ్చిన రెండు సూదులు. బజారులో లేడీస్ టైలర్. అందరూ భాయ్ అనేవాళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఆ కొట్టంలో రాణి వేషాలన్నీ ఆయనవే. బజారులో ముసలాళ్ళు ఆయన్ని "ఏం రాణెమ్మా, బాగుండావా?" అని పలకరించేవాళ్ళు. ఆయన చెంగు సర్దుకున్నట్టు చెయ్యి తిప్పి "బాగుండాను సామీ" అనేవాడు. ఆ తర్వాతి రోజుల్లో నాటక సమాజం ఆయన చేతి మీదుగానే నడిచింది.

"మేడం, అర్జీ," అని కాగితం ఇచ్చాడు. 'మా నాటకశాల మాకు తెరిచి ఇవ్వగలరు.' ఒకే వాక్యం.

నేను ముద్ర వేసి, ఇనిషియల్ పెట్టి, "పైకి పంపుతాను భాయ్" అన్నాను.

"పంపండి మేడం. కొట్టం యాడికీ పోదు కదా."

మరుసటి సోమవారం మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాతి సోమవారమూ వచ్చాడు. ఒక్కసారీ గొంతు పెంచలేదు. ఒక్కసారీ నన్ను నిందించలేదు. ఆ నోట్ రాసింది నేనేనని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. పాత అర్జీ ఏమైందని కూడా అడిగేవాడు కాదు. కొత్తది ఇచ్చి, నమస్కారం పెట్టి పోయేవాడు. నేను ముద్ర వేసి కట్టలో పెట్టేదాన్ని. నా ఉద్యోగంలో నేను బాగా నేర్చుకున్నది ఇదే: తలుపు మూసి ఉంచడానికి బలం అక్కర్లేదు, రోజూ ఒక ముద్ర వేస్తే చాలు.

ఆ తర్వాత నాకు బదిలీ అయింది. కొన్నేళ్ళు ఆ ఊరి ముఖం చూడలేదు.

తిరిగి అదే ఆఫీసుకు సీనియర్ అసిస్టెంటుగా వచ్చేసరికి సర్వీసు ఏడాదికి తక్కువే మిగిలింది. సూపర్నెంటు రిటైరైపోయాడు. రోడ్డు వేయని కాంట్రాక్టరు ఇప్పుడు వార్డు సభ్యుడు. ఆఫీసరుగా కొత్తగా ఒకాయన వచ్చాడు. చిన్న వయసు, చదువుకున్నవాడు, అందర్నీ "మీరు" అనేవాడు. ఒకరోజు నన్ను పిలిచి పాత ఫైలు చేతిలో పెట్టాడు. దాని అట్ట మీద ముత్యాల్లాంటి నా చేతిరాత.

"మేడం, డ్రామా కొట్టం పడగొట్టి అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ ప్రపోజలు పెడుతున్నాం. మీరు మూడు పాయింట్లు రాయండి. బిల్డింగు శిథిలం, పాత నోట్ ఉంది కదా. చాలా ఏళ్ళుగా వాడకంలో లేదు. ఎవరి దగ్గర్నుంచీ అభ్యంతరాలు లేవు. మొదట్లో దాని చరిత్ర ఒక పేరా. మర్యాదగా ఉంటుంది."

చరిత్ర ఒక పేరా. ఇంతకాలానికి ఆ కొట్టం గురించి నాకు తెలిసింది ఒక పేరా కూడా కాదని అప్పుడు తట్టింది. ఈసారి చూడకుండా రాయకూడదనుకున్నాను. ఏదో గొప్ప ధర్మం తలకెక్కి కాదు. రిటైరవబోయే వయసులో ఇంకొకరి బడి ఫైలు కాపీ కొట్టడానికి సిగ్గేసింది, అంతే.

మధ్యాహ్నం భోజనాల వేళ నడుచుకుంటూ పోయాను. ముందర ఆవరణలో పిచ్చి మొక్కలు మోకాళ్ళ ఎత్తు ఉన్నాయి. తాళం తుప్పు పట్టింది, లక్క సీలు సగం రాలిపోయింది. అంతా నేను రాయబోయే నోట్‌లాగే ఉంది. వెనక్కి తిరగబోతూ ఆగిపోయాను. లోపల్నుంచి ఆడమనిషి గొంతు, దానికి తగ్గట్టు హార్మోనియం శ్రుతి.

గోడ పట్టుకుని సందులోంచి వెనక్కి పోయాను. వేషాలు కట్టుకునే గదికి ఒక చిన్న తలుపు ఉంది. బార్లా తెరిచి ఉంది. గడప బయట ఏడెనిమిది జతల చెప్పులు.

లోపల స్టేజీ మీద టమోటా మండీలో కాయలు ఏరే ఆమె నిలబడి రాజు పాత్ర చెబుతోంది. కొంగు బిగించి ఉంది, చేతులకు ఇంకా టమోటా ఆకు పసరు నల్లగా ఉంది. ఆమె ఒక్క అడుగు ముందుకు వేస్తే స్టేజీ మొత్తం ఆమెదైపోయింది. భాయ్ కింద కూర్చుని హార్మోనియం వాయిస్తున్నాడు. గడ్డం నెరిసింది. మెడలో టేపు మాత్రం అదే. నన్ను చూసి ఆపాడు.

"రండి మేడం. చెప్పులు ఆడ ఇడవండి."

"భాయ్, దీనికి తాళం వేసి ఉంది కదా?"

"ఉండాది కదా మేడం. ఇంకా అట్లనే ఉండాది. మేము ముట్టలేదు." ఆయన చాలా వినయంగా చెప్పాడు. "మీ ఆర్డర్లో ప్రధాన ద్వారం అని రాసిండారు. వెనక తలుపు మాట యాడా లేదు. నాలుగుసార్లు సదివినాం. ఆర్డరు మీరింది లేదు."

వాళ్ళు ఇన్నేళ్ళూ అక్కడే ఉన్నారు. మధ్యాహ్నం మండీ పని అయ్యాక ఆమె, కుట్టు మిషను ఆపి ఆయన, బడి నుంచి ఒక అయ్యవారు, ఇంకా నలుగురైదుగురు. నేర్చుకునేది ఈ మూసిన కొట్టంలో, ఆడేది వి.కోట వైపు, పెద్దమండ్యం వైపు పల్లెల్లో.

అప్పుడు తల ఎత్తి పైకి చూశాను.

కట్టె దూలాలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. స్తంభాలుగా రాతి కూసాలు, వాటి మీద రాతి దూలాలు, ఆ పైన పరిచిన బండలు. చెద పురుగు పళ్ళు విరగ్గొట్టుకోవలసిందే. స్టేజీ అంచున కూర్చున్నాను.

మండీ ఆమె చెంబుతో నీళ్ళు ఇచ్చింది. "ఏమైందమ్మా? తల తిరుగుతాండాదా?"

"ఈ కొట్టంలో కట్టె అనేదే లేదా?" అన్నాను.

భాయ్ చెప్పాడు. మొదట అది నిజంగానే కొట్టమట. బోదగడ్డితో కప్పింది. ఆయన తండ్రి కాలంలో ఒక నాటకం మధ్యలో గ్యాస్ లైటు పడి అంటుకుని, కొట్టం మొత్తం బూడిదైంది. మనుషులకు ఏమీ కాలేదు. మర్నాడు ఆ బూడిద చుట్టూ ఊరు చేరింది. ఎవరో అన్నారట, "ఈతూరి కాలనిది కడదాం. కట్టె అనేది కంటికి కనపడగూడదు." ఇంటికొక బండ అనుకున్నారు. కొండ దగ్గర్నుంచి బండ్ల మీద తోలారు. ఎద్దులు లేనివాళ్ళు మోశారు. రాయి కొట్టేవాళ్ళు ఒక్కో బండ కింది వైపు ఆ ఇంటి గుర్తు చెక్కారు, ఎందుకంటే అప్పుడు పేరు రాసినా చదివేవాళ్ళు తక్కువ.

నేను మళ్ళీ పైకి చూశాను. కత్తెర. నాగలి. కుండ. తక్కెడ. గొర్రె తల. నెలవంక. ఒకచోట ఏమీ చెక్కని బండ.

"అదెవరిది?"

"ఆ ఇంటాయన నాకేం గుర్తొద్దన్నాడంట," భాయ్ నవ్వాడు. "బండ ఇచ్చినా కదా సాలు అన్నాడంట."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ముందు నా మీద, తర్వాత ఆ నవ్వుమొహం సూపర్నెంటు మీద, ఆ తర్వాత బడి ఫైలు మీద. చివరికి మళ్ళీ నా మీదికే వచ్చి ఆగింది.

"భాయ్," అన్నాను, "ఆ తాళం నోట్ రాసింది నేనే. ఇది చూడకుండా రాశాను."

ఆయన హార్మోనియం తిత్తి మూసి, క్లిప్పు పెట్టాడు.

"తెలుసు మేడం. అర్జీ మీద ఇనిషియలూ, ఆర్డరు మీద రాతా ఒకటే కదా. బట్ట సూస్తే కుట్టిందెవరో సెప్పేవాణ్ణి, రాత సూస్తే తెలీదా?"

"మరి ఒక్కసారైనా నన్ను అడగలేదే?"

"అడిగినా కదా. ప్రతి సోమవారం."

ఇంటికి పోయి మా ఆయనకు చెప్పాను. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముక్కుసూటి మనిషి, కానీ ఇంటి విషయంలో భయస్తుడు.

"యాలమే నీకిదంతా? నాలుగు నెలలుండాది. కండ్లు మూసుకుంటే అయిపోతాది," అన్నాడు.

"మూసుకునే కదా అప్పుడు రాసింది," అన్నాను.

ఆయన ఫ్యాను కట్టేసి నా ఎదురుగా కూర్చుని, "నోట్‌లో నీ తప్పు ముందు రాసుకో. ఇంకోని మీద ముందు రాసినావంటే నీదాన్ని ఎవురూ నమ్మరు," అన్నాడు. టికెట్లు చింపిన మనిషి ఫైళ్ళ గురించి నాకు చెప్పిన ఏకైక సలహా ఇది. మంచి సలహా.

నోట్ రాశాను. చరిత్ర పేరా రెండు పేజీలయింది. బూడిద నుంచి బండల దాకా రాశాను. తర్వాత ఇలా రాశాను: ఈ భవనమును శిథిలమని పేర్కొన్న పూర్వపు నోట్ నేను స్థలమును చూడక, వేరొక భవనపు ఫైలును చూసి రాసినది. అది తప్పు. ఈ భవనములో కట్టె దూలములు లేవు. నాటకశాల వాడకములో ఉన్నది. అభ్యంతరములు కలవు. అభ్యంతరాల కింద సోమవారం అర్జీల కట్ట మొత్తం జతచేశాను. ప్రతి అర్జీ మీద ఆఫీసు ముద్ర, నా ఇనిషియల్.

వెనక తలుపు గురించి రాయాలా వద్దా అని మాత్రం చాలా ఆలోచించాను. రాస్తే వాళ్ళు అక్రమంగా చొరబడినట్టవుతుంది. రాయకపోతే వాడకంలో లేనట్టవుతుంది. పోయి భాయ్‌నే అడిగాను.

"రాయండి మేడం," అన్నాడు. "మా ఇంట్లోకి మేము దొంగల మాదిరి పోతాండామని రాయొద్దు. మా ఇంట్లోకి మేము పోతాండామని రాయండి."

అలాగే రాశాను.

ఆఫీసరు నోట్ చదివి వెనక్కి పంపాడు. మార్చి రాయమన్నాడు. మార్చనన్నాను. ఆయనకు కోపం వచ్చినా గొంతు పెంచలేదు. "సరే, నేనే ఇన్‌స్పెక్షన్‌కి వస్తాను. ఊరివాళ్ళ ముందే తేలిపోతుంది," అన్నాడు.

ఇన్‌స్పెక్షన్ పొద్దున పది గంటలకు. ఆఫీసరు, కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు, ఆ వార్డు సభ్యుడు, ఫైలు పట్టుకుని నేను. ముందర తాళంచెవి ఎప్పుడో పోయింది. అటెండరు సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే తాళం ఊడిపడింది. తలుపులు కిర్రుమని తెరుచుకున్నాయి.

కొట్టం నిండా జనం.

వెనక తలుపులోంచి వచ్చి కూర్చున్నారు. మండీ ఆడవాళ్ళు, బజారు వాళ్ళు, కర్రలు పట్టుకున్న ముసలాళ్ళు, గొర్రెలు తోలుకునేవాళ్ళు ముగ్గురు నలుగురు. ఒక్కరూ మాట్లాడటం లేదు. పై కిటికీల్లోంచి ఎండ పలకలు పలకలుగా వాళ్ళ మీద పడుతోంది. స్టేజీ మీద మండీ ఆమె అట్ట కిరీటం పెట్టుకుని, భాయ్ కుట్టిన ఎర్ర మఖమల్ అంగీ వేసుకుని నిలబడి ఉంది.

"ఏంటిది?" అన్నాడు ఆఫీసరు. "ఇది ప్రమాదకరమైన బిల్డింగు. అందరూ బయటికి రండి."

ఎవరూ కదల్లేదు. రాజు స్టేజీ మీది నుంచి వేలు చూపించింది.

"ఎవురది, దర్బారులోకి చెప్పులతో వచ్చినోళ్ళు?"

జనం గొల్లుమన్నారు. ఇంజనీరు గబుక్కున చెప్పులు విడిచేశాడు. వార్డు సభ్యుడు విడవలేదు. ఆఫీసరు కాసేపు తటపటాయించి, షూ లేసులు విప్పడం ఇష్టం లేక గడప దగ్గరే నిలబడ్డాడు.

"మేడం, పాత నోట్ చదవండి," అన్నాడు నాతో. "రికార్డు ఏం చెబుతుందో అందరికీ తెలియాలి."

ఇన్నేళ్ళలో నా చేతిరాతను నేను గట్టిగా చదవడం అదే మొదలు. కొట్టం కట్టినవాళ్ళకు ఆ విద్య తెలుసేమో, గొంతు చిన్నదైనా చివరి మనిషి దాకా పోయింది. "పైకప్పు కట్టె దూలములు చెదలు పట్టి..." అనేసరికి కొట్టంలోని తలలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. ఆఫీసరు తల కూడా.

ముందు ఒక ముసలాయన నవ్వాడు. తర్వాత ఇద్దరు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"ఎవురమ్మా ఇది రాసింది?" అని అడిగాడు ఆ ముసలాయన.

అబద్ధం చెప్పడానికి కాస్త కూడా చోటు లేకపోవడం ఒక రకంగా ఎంత సుఖమో ఆ క్షణంలో తెలిసింది.

"నేనే," అన్నాను. "చూడకుండా రాశాను. వేరే బిల్డింగుది చూసి కాపీ కొట్టాను. మీ కొట్టానికి తాళం వేయించింది నేనే."

అర్జీల కట్ట విప్పి స్టేజీ అంచున పెట్టాను. "అభ్యంతరాలు లేవని నన్ను రాయమన్నారు. ఇవి అభ్యంతరాలు. ప్రతిదానికీ ముద్ర వేసిందీ నేనే."

వార్డు సభ్యుడికి ఓపిక అయిపోయింది. "ఇదంతా యాల సార్? స్థలం ఎవురి పేరు మీద ఉండాదో సూడండి. బండ మీద కత్తెర బొమ్మ గీసుకుంటే పట్టా అయిపోతాదా?"

కిరీటం పెట్టుకున్న ఆమే జవాబు చెప్పింది. ఈసారి రాజు గొంతు కాదు, మండీ గొంతు. "పట్టా కాదప్పా, బండ. పట్టా అయితే చిరుగుతాది. నువ్వేసిన రోడ్డు మాదిరి కాదు, తొక్కి సూడు, ఉంటాది."

ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆఫీసరు ఇంజనీరు వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. బిల్డింగు సేఫా, కాదా?"

కుర్రవాడు వట్టి కాళ్ళతో కొట్టమంతా తిరిగాడు. కూసాలు తట్టాడు. వేషాల గదిలోకి పోయి వచ్చాడు. "సార్, ఆ గది మీద ఒక బండ పగిలుండాది. అది మార్చల్ల. మిగతాదంతా..." అని ఇంకో కూసం తట్టి చూశాడు. "మన ఆఫీసు కంటే గట్టిగా ఉండాది సార్."

ఆఫీసరు ఫైలు మూసి, "ఇన్‌స్పెక్షన్ అయింది" అని జీపెక్కాడు. నన్నూ ఎక్కించుకున్నాడు. ఆఫీసు దగ్గర దిగేటప్పుడు అన్నాడు, "మీరు ఈ రోజు నన్ను అందరి ముందూ అవమానించారు."

"లేదు సార్. నన్నే," అన్నాను.

కొట్టం పడగొట్టే ప్రపోజలు అక్కడితో ఆగింది. రెండు వారాలకు నాకు మెమో వచ్చింది. ఆఫీసు రికార్డును బహిరంగంగా చదివి కార్యాలయ ప్రతిష్ఠకు భంగం కలిగించాననీ, పై అధికారి ఆదేశాన్ని ధిక్కరించాననీ. చదవమన్నది ఎవరో అందులో లేదు. ఇంకో తమాషా చూడండి: తప్పుడు నోట్ రాసినందుకు మెమో రాలేదు. తప్పు రాశానని చెప్పినందుకు వచ్చింది.

విచారణ అధికారి పెద్దమనిషి. రిటైర్మెంటు దగ్గర పడింది కదా, విచారం వ్యక్తం చేస్తున్నానని ఒక్క లైను రాసిస్తే ఇక్కడే ముగించేస్తానన్నాడు. ఒక్క లైను కాదు, రెండు రాసిచ్చాను. 'మొదటి నోట్ రాసినందుకు ఊరికి క్షమాపణ చెబుతున్నాను. రెండవ నోట్ రాసినందుకు ఎవరికీ చెప్పను.' ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నన్ను తప్పుపడుతూ సర్వీసు రిజిస్టరులో ఒక ఎంట్రీ వేశారు. పెన్షను కాగితాలు కొన్నాళ్ళు టేబుళ్ళ మీద పొర్లాడాయి. రిటైరైన రోజు ఆఫీసులో శాలువా లేదు, సభ లేదు. పిల్లలూ, మీరు ఇలాంటిది చేయండని చెప్పను. చేస్తే శాలువా రాదని మాత్రం చెబుతాను. ఇంట్లో రెండు శాలువాలు ముందే కొనిపెట్టుకోండి.

మొత్తం గెలిచామని కూడా అనుకోకండి. కొట్టం నిలిచింది గానీ ముందర ఆవరణ పోయింది. ఇంకో ఏడాది, ఇంకో ఫైలు, ఆ స్థలంలో వరసగా షాపులు లేచాయి. ముందర తలుపు ఇప్పుడు ఒక బేకరీ గోడకు ఆనుకుని ఉంది, తెరవడానికి లేదు. అందరం వెనక సందులోంచే పోతాం. పగిలిన బండ మాత్రం మార్చారు, ఊరే మార్చుకుంది. కొత్త బండ కింద గుర్తులు చెక్కడానికి చోటు చాలలేదు.

రిటైరైన తర్వాత ఆదివారాలు నేనూ అక్కడికి పోతాను. వేషం కట్టను, నాకు ఆ విద్య రాదు. మాటలు మర్చిపోయినవాళ్ళకు పక్కనుంచి అందిస్తాను. చూసి చదవడం ఇప్పుడు బాగా వచ్చు. భాయ్‌కి చూపు మందగించింది. కుట్టడం మానేశాడు. స్టేజీ పక్కన కుర్చీ వేసుకుని, అడుగుల శబ్దాన్ని బట్టే ఎవరు తప్పు వేశారో చెబుతాడు.

పోయిన నెల ఒక ఆదివారం రిహార్సల్ మధ్యలో సర్వేయరు వచ్చాడు. చేతిలో టేపు, వెంట ఒక మనిషి. అందరూ ఆగిపోయారు.

"కొట్టం కొలవమన్నారు," అన్నాడు ఆయన ఇబ్బందిగా.

"కొలుచుకో నాయనా," అంది మండీ ఆమె. "మా కాళ్ళకు అడ్డం రాకుండా కొలుచుకో. మేము ఆపము."

నిజంగానే ఆపలేదు. టేపు రెండో కొన నేను పట్టుకున్నాను. ఆయన చెప్పిన ప్రతి కొలతా నా పుస్తకంలో కూడా రాసుకుని, కింద ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను. పోయేముందు ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఈతూరి ఆర్డరు పై నుంచి వచ్చిండాది. పెద్దోళ్ళే వస్తారేమో. జాగ్రత్తగా ఉండండి."

స్టేజీ మీద ఉన్న ఆమెకు అది వినిపించింది. చెప్పవలసిన పద్యం ఆపి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

"రానీ నాయనా. వచ్చే ఆదివారం మూడు గంటలకి ఆట ఉండాది. పెద్దోళ్ళని ఆ పొద్దే రమ్మను. కుర్చీలు లేవు, కింద కూర్చోవల్లని ముందే చెప్పు."